ఎఫెసస్, ప్రియేనీ, మిలేటస్, పెర్గమాన్: ఒక్క గ్రీకు నగరమే చూడగలిగితే ఏది చూడాలి?

టర్కీ టూర్‌లో ఇస్తాంబుల్, కపడోకియా ఖాయమయ్యాక ఈజియన్ తీరానికి ఒకటో రెండో రోజులు మిగులుతాయి. ఇజ్మీర్‌లో దిగి మ్యాప్ తెరిస్తే దారిపొడుగునా ప్రాచీన గ్రీకు నగరాలే కనిపిస్తాయి. గ్రీకు నగరం అనగానే గ్రీస్ దేశం గుర్తొస్తుంది కానీ, గ్రీకులు కట్టి వందల ఏళ్లు బతికిన నగరాల్లో గొప్పవి కొన్ని ఈ టర్కీ పడమటి తీరం మీదే ఉన్నాయి. వాటిలో నాలుగింటి మధ్యే జనం ఎక్కువగా తర్జనభర్జన పడతారు: ఎఫెసస్, ప్రియేనీ, మిలేటస్, పెర్గమాన్. ఒక్క రోజులో నాలుగూ చూపిస్తామనే ప్యాకేజీ ఎవరైనా అమ్మితే తీసుకోకండి. పెర్గమాన్ ఇజ్మీర్‌కు ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో ఉంది, మిగతా మూడూ దక్షిణాన ఉన్నాయి. రోజంతా బస్సులోనే గడిచిపోతుంది.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. మీకు కావలసింది నిలబడి ఉన్న గొప్ప కట్టడమా, లేక ఒక నగరం ఎలా పనిచేసిందో అర్థం కావడమా? కట్టడమైతే ఎఫెసస్, నగరమైతే ప్రియేనీ. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

కనిపించేది ఏ కాలానిది. ఈ నగరాలన్నీ గ్రీకువే అయినా, క్రీ.పూ. 133లో పెర్గమాన్ చివరి రాజు మూడో అట్టలస్ తన రాజ్యాన్ని రోమ్‌కు రాసిచ్చేశాక ఈ ప్రాంతం రోమన్ల చేతికి వచ్చింది. తర్వాతి మూడు వందల ఏళ్లలో పాతది చాలావరకు కొత్త కట్టడాల కిందికి పోయింది. కాబట్టి "గ్రీకు శిథిలాలు చూశాం" అనుకునేవాళ్లు చాలాసార్లు చూసింది రోమన్ కాలపు పనిని. రెంటినీ విడదీసి గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. సున్నం లేకుండా అంచు మీద అంచు అతికినట్టు కూర్చిన పెద్ద పెద్ద చెక్కుడు రాళ్లయితే గ్రీకు పని అనుకోవచ్చు. ఆ రాళ్లను లోపల ఇనుప బందులతో బిగించి సీసం పోసేవారు. తర్వాతి కాలంలో లోహం కోసం తవ్వుకుపోయిన గుంటలు రాళ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. సున్నంలో కలిపి పోసిన రాళ్ల ముద్ద, ఇటుక, పైన అతికించిన పల్చటి పాలరాతి పలకలు, వరస కమానులు కనిపిస్తే రోమన్ పని. థియేటర్‌ను ఆకారం చెప్పేస్తుంది. గ్రీకు థియేటర్‌ను కొండవాలులోనే తొలుస్తారు, అది అర్ధవృత్తం దాటి గుర్రపునాడాలా ఉంటుంది. రోమన్లు కింద కమానులు కట్టి దాన్ని పైకి లేపుతారు, వేదిక వెనక అంతస్తుల గోడ పెడతారు.

ఎంత అర్థమవుతుంది. గైడ్ లేకుండా నడిచినా వీధి, సంత, సభ, గుడి, ఇల్లు వేరువేరుగా తెలుస్తాయా, లేక తలా తోకా తెలియని రాళ్ల గుట్టలా ఉంటుందా అన్నది.

ఏది అక్కడ లేదు. ఇది ఎవరూ ముందుగా చెప్పరు, అక్కడికి వెళ్లాక నిరాశపడతారు. పెర్గమాన్ మహావేదిక అనే పెద్ద బలిపీఠం, మిలేటస్ సంత ద్వారం బెర్లిన్‌లో ఉన్నాయి. ఎఫెసస్ శిల్పాలు కొన్ని వియన్నాలో, ఆర్టెమిస్ గుడి స్తంభం ముక్క లండన్‌లో ఉన్నాయి.

కాళ్లు, ఎండ, నీడ. జులై, ఆగస్టుల్లో ఇక్కడ మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటడం మామూలే. తెల్లటి పాలరాయి ఆ ఎండను మళ్లీ మొహం మీదికి కొడుతుంది. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు మంచివి.

రాకపోకలు. కారు లేకుండా చేరుకోగలరా, తిరిగి రాగలరా అన్నది. ఇక్కడ మిలేటస్ బాగా వెనకబడుతుంది.

| | ఎఫెసస్ | ప్రియేనీ | మిలేటస్ | పెర్గమాన్ |
|---|---|---|---|---|
| కనిపించేది ఎక్కువగా | రోమన్ | గ్రీకు (క్రీ.పూ. 4–2 శతాబ్దాలు) | రెండూ, పైన బైజాంటైన్, తురుష్క పొరలు | పైకొండ మీద గ్రీకు రాజులది, కొంత రోమన్ |
| చూడ్డానికి సమయం | 3 గంటలు, టెర్రస్ ఇళ్లకు మరో 45 నిమిషాలు | 2 గంటలు | ఒకటిన్నర గంట | కొండ మీద 3 గంటలు, అస్క్లెపియన్ వైద్యశాలకు గంట |
| నడక | వాలు, నున్నటి పాలరాయి | మొదట్లో నిటారు ఎక్కుడు | చదును, థియేటర్ మెట్లు తప్ప | పైకి కేబుల్ కార్, ఆ తర్వాత గట్టి మెట్లు |
| నీడ | దాదాపు లేదు | పైన్ చెట్లు | చాలా తక్కువ | తక్కువ, గాలి ఎక్కువ |
| జనం | విపరీతం | పలుచన | పలుచన | మధ్యస్థం |
| కారు లేకుండా | సులువు | కుదురుతుంది | కష్టం | సులువు |
| టికెట్ | చాలా ఖరీదు (2024లో 40 యూరోలు) | చవక | చవక | మధ్యరకం |

## ఎఫెసస్

గ్రీకుల అయోనియా నగరాల్లో పెద్దది, తర్వాత రోమన్ ఆసియా రాష్ట్రానికి గవర్నరు ఉండే చోటు. అలెగ్జాండర్ సేనాని లైసిమకస్ క్రీ.పూ. 3వ శతాబ్దం తొలినాళ్లలో నగరాన్ని ఇప్పటి చోటికి మార్చాడు. కారణం ఒండ్రు. కైస్ట్రోస్ నది తెచ్చిన మట్టితో రేవు పూడుకుపోతూ వచ్చింది. ఆ తర్వాతా ఆగలేదు, ఇవాళ సముద్రం ఐదారు కిలోమీటర్ల అవతల ఉంది. థియేటర్ ముందు నుంచి పడమటికి సాగే వెడల్పాటి పాలరాతి రేవు వీధి చివరికి ఇప్పుడు తుప్పలు, పొలాలే కనిపిస్తాయి.

అందరూ ఫోటోల్లో చూసేది సెల్సస్ గ్రంథాలయం ముందుగోడ. క్రీ.శ. 92లో రోమ్‌లో కాన్సుల్ పదవి చేసిన సెల్సస్ అనే గవర్నరు కోసం ఆయన కొడుకు 2వ శతాబ్దం మొదట్లో కట్టించాడు. సెల్సస్ సమాధి దాని కిందే ఉంది. భూకంపానికి కూలిపోయిన ఆ ముందుగోడను 1970–78 మధ్య పడిన రాళ్లతోనే తిరిగి నిలబెట్టారు. మన నాగార్జునకొండ కట్టడాలను ముంపు రాకముందే విప్పి అనుపులో మళ్లీ పేర్చారు కదా, ఆ తరహా పనే ఇది. కాకపోతే ఇక్కడ చోటు మారలేదు. గూళ్లలోని నాలుగు స్త్రీమూర్తులు నకళ్లు, అసలువి వియన్నాలో ఉన్నాయి. ఈ గోడ తూర్పు ముఖంగా ఉంటుంది. ఉదయం పూట వెళ్తే చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది, మధ్యాహ్నం దాటితే నీడలో పడుతుంది.

పెద్ద థియేటర్‌లో సుమారు 25,000 మంది పట్టేవారు. బైబిల్ చదివినవాళ్లకు ఇది తెలిసిన చోటే: అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో దేమేత్రియు అనే కంసాలి రేపిన అల్లరికి జనమంతా పరుగెత్తింది ఈ థియేటర్‌లోకే. బైబిల్ ప్రకటన గ్రంథంలోని ఏడు తొలి క్రైస్తవ సంఘాల ఊళ్లు చూసే సప్త సంఘాల యాత్రకు వచ్చే తెలుగు క్రైస్తవ బృందాలు ఎఫెసు, పెర్గము రెండూ చూస్తాయి. అలాంటి టూర్‌లో ఉంటే గైడ్‌ను ఈ థియేటర్ దగ్గర కాసేపు ఆగమని ముందే చెప్పుకోవాలి. లేకపోతే గ్రంథాలయం దగ్గర ఫోటోలకే టైమంతా పోతుంది.

ఇక్కడ ఎక్కువ మంది చేసే పొరపాటు గేటు ఎంపికలో. రెండు గేట్లున్నాయి, పై గేటు, కింది గేటు. నగరం పై నుంచి కిందికి వాలుగా ఉంటుంది. సెల్చుక్ నుంచి వచ్చే డోల్ముష్ అనే షేర్ వ్యాన్ కింది గేటు దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి లోపలికెళ్తే ఎండలో ఎక్కుతూ పోవాలి, పైకి చేరాక మళ్లీ అంతా దిగి రావాలి. సెల్చుక్‌లోనే టాక్సీ మాట్లాడుకుని పై గేటు దగ్గర దిగి, కిందికి నడిచి, డోల్ముష్‌లో తిరిగి రావడం మేలు. వేసవిలో ఉదయం 8 గంటలకు తలుపులు తెరుస్తారు. కుషాదసీ రేవులో దిగే క్రూయిజ్ ప్రయాణికుల బస్సులు తొమ్మిది తర్వాత వరస కడతాయి, పదింటికల్లా పై గేటు వైపు నుంచి గ్రంథాలయానికి దిగే క్యురేటెస్ వీధిలో భుజాలు ఒరుసుకుంటూ నడవాలి. వాళ్లు కూడా పై నుంచి కిందికే వస్తారు కాబట్టి మీరు గంట ముందుంటే దారంతా ఖాళీగా దొరుకుతుంది.

ఆ వీధి పాలరాయి రెండు వేల ఏళ్ల నడకకు అద్దంలా అరిగింది. ఎండలో కూడా జారుతుంది, చినుకు పడితే చెప్పనే అక్కర్లేదు. తోలు అడుగున్న చెప్పులు, హవాయి చెప్పులు వద్దు. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. చీరతో వచ్చేవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకుంటే మెట్ల దగ్గర ఇబ్బంది ఉండదు.

టెర్రస్ ఇళ్లకు వేరే టికెట్. చాలామంది డబ్బు దండగని మానేస్తారు. నా అభిప్రాయంలో ఎఫెసస్ దాకా వచ్చి మానకూడనిది అదే. కొండవాలు మీద కట్టిన సంపన్నుల ఇళ్లు, 3వ శతాబ్దపు భూకంపంలో కూలి మట్టిలో కూరుకుపోవడం వల్లే గోడల మీది రంగుల బొమ్మలు, నేల మీది మొజాయిక్‌లు నిలిచాయి. పైన కప్పు వేశారు కాబట్టి ఈ నగరం మొత్తంలో నీడ దొరికే చోటు కూడా ఇదే. ఒక హాలు గోడలకు అతికించిన పాలరాతి పలకలు లక్షకు పైగా ముక్కలైతే, వాటిని బల్లల మీద పరిచి ఏ ముక్క దేనికి అతుకుతుందో వెతికి కూర్చే పనిని అక్కడే చూడొచ్చు. అయితే లోపల దారంతా ఇనుప మెట్లే, ఒకసారి ఎక్కితే చివరిదాకా వెళ్లాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయట కూర్చోవడం మంచిది.

ఆర్టెమిస్ గుడి గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన ఆ గుడి స్థలం శిథిల నగరం లోపల కాదు, సెల్చుక్ పక్కన ఉంది. ఇప్పుడున్నది బురదనేలలో దొరికిన ముక్కలతో నిలబెట్టిన ఒకే ఒక్క స్తంభం. పది నిమిషాలు చాలు. దాని బదులు సెల్చుక్‌లోని మ్యూజియంలో ఆర్టెమిస్ విగ్రహాలు చూడండి. నగర శిథిలాలకు రెండు గంటలు తగ్గించినా మ్యూజియం మాత్రం వదలొద్దు.

## ప్రియేనీ

ఎఫెసస్‌కు వచ్చే జనంలో చిన్న పాయ మాత్రమే ఇక్కడికి వస్తుంది. అయినా గ్రీకు నగరం అంటే ఏమిటో చూపించడంలో ఈ నాలుగింట్లో దీనికి సాటి లేదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో మైకలీ కొండ వాలు మీద కొత్తగా కట్టిన ఊరు. జనాభా నాలుగైదు వేలకు మించి ఉండదు. రేవు పూడి వ్యాపారం తగ్గడంతో రోమన్లు ఇక్కడ పెద్దగా డబ్బు పెట్టలేదు. అందువల్లే గ్రీకు పొర చెదరకుండా నిలిచింది.

ఊరు మొత్తం గళ్ల నోటుబుక్కు కాగితం మీద గీసినట్టు ఉంటుంది. తూర్పు పడమరల వీధులు కొండవాలుకు అడ్డంగా సమతలంగా సాగుతాయి. ఉత్తర దక్షిణాల వీధులు వాలు మీదుగా పోవాలి కాబట్టి చాలాచోట్ల మెట్లే. ప్రధాన వీధి వెడల్పు సుమారు 7 మీటర్లు, మిగతావి అంతకంటే ఇరుకు. ఒక్కో బ్లాకు దాదాపు 47 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు. గుడికి ఎన్ని బ్లాకులు, సంతకు ఎన్ని, ఇళ్లకు ఎన్ని అన్నది నడుస్తూ లెక్కపెట్టుకోవచ్చు. వీధి అంచున మురుగు కాలువ, మట్టి గొట్టాల నీటి దారి కూడా కంటికి కనిపిస్తాయి. 1895–99 మధ్య జర్మన్ బృందం తవ్వినప్పుడు ఊరు మొత్తాన్ని ఒకేసారి బయటపెట్టడం వల్ల ఈ అవగాహన సాధ్యమైంది.

నడిచే క్రమం ఇలా పెట్టుకోండి: కారు పార్కింగ్ నుంచి ఎక్కుడు, ఈశాన్య ద్వారం, థియేటర్, అథీనా గుడి, పడమటి ఇళ్లు, సంత, సభామందిరం. ముందు ఎత్తైనవి చూసేస్తే ఎండ ముదిరేసరికి దిగువన ఉంటారు.

థియేటర్‌లో మొదటి వరసలో పాలరాతి కుర్చీలు ఐదున్నాయి, ఊరి పెద్దలకు, పూజారులకు కేటాయించినవి. ఒకదాని ముందు వంగి కూర్చుని చూడండి. ముందు కాళ్లను సింహం పంజాల్లా, గోళ్లతో సహా చెక్కారు. చేతులు ఆన్చుకునే చోటు అరిగి నున్నబడింది. అదే వరస మధ్యలో నాటకాల దేవుడు డయోనిసస్ బలిపీఠం ఉంటుంది. వేదిక ముందు భాగం రాతి స్తంభాల వరస ఇంకా నిలిచే ఉంది. రోమన్ మార్పుల కింద మాయం కాకుండా గ్రీకు వేదిక ఇంత బాగా నిలిచిన చోట్లు చాలా తక్కువ.

అథీనా గుడిని కట్టిన శిల్పి పైథియోస్. ఏడు వింతల్లో మరొకటైన హాలికర్నాసస్‌లోని మౌసోలస్ సమాధికి పనిచేసింది ఈయనే. గుడిని అథీనాకు అర్పించింది అలెగ్జాండర్ రాజని చెప్పే శాసనపు రాయి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఐదు స్తంభాలను తిరిగి నిలబెట్టారు. మిగతా స్తంభాల దిమ్మెలు నేలంతా పడి ఉన్నాయి, ఆ పడి ఉన్నవాటినే శ్రద్ధగా చూడాలి. ఒక్కో దిమ్మె పై ముఖం నడిమధ్యన చదరపు గుంట ఉంటుంది. పై దిమ్మె జరగకుండా అందులో చీల దించేవారు. నిలబడిన స్తంభంలో ఇది కనబడదు. పడిన స్తంభమే నిర్మాణం గుట్టు విప్పుతుంది. వెనక 370 మీటర్ల ఎత్తున నిట్రంగా లేచిన కొండరాయి, దక్షిణాన ఒకప్పుడు సముద్రపు పాయగా ఉండి మియాండర్ నది ఒండ్రుతో పత్తి పొలాలుగా మారిన మైదానం కనిపిస్తాయి.

సభామందిరం చిన్నది, చతురస్రాకారం. మూడు వైపులా మెట్లు, మధ్యలో బలిపీఠం. 640 మంది కూర్చునేవారని లెక్క. ఊళ్లో ఓటున్న మగవాళ్ల సంఖ్యను దీన్ని బట్టి ఊహించవచ్చు. గ్రీకు ప్రజాస్వామ్యం గురించి పాఠ్యపుస్తకంలో చదివిన పిల్లలను ఇక్కడ మెట్ల మీద కూర్చోబెడితే చెప్పాల్సింది చాలా తగ్గిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. పార్కింగ్ నుంచి పైకి పది పదిహేను నిమిషాలు రాళ్ల దారి. వీల్‌చైర్, స్ట్రోలర్ ఏవీ కుదరవు. రాలిన పైన్ ఆకులు రాళ్ల మీద పరుచుకుని జారుడుగా ఉంటాయి. బోర్డులు తక్కువ, కాబట్టి నగరం ప్లాన్‌ను ముందే ఫోన్‌లో దింపుకోవాలి. ప్లాన్ చేతిలో లేకుండా వస్తే ఇక్కడి గొప్పదనం సగం దక్కదు. నీళ్లు గేటు దగ్గరే కొనుక్కోవాలి, మనిషికి లీటరు ఉండాలి.

## మిలేటస్, దానితో డిడిమా

ఆలోచనల చరిత్రలో మిలేటస్‌ది పెద్ద పేరు. తొలి గ్రీకు తత్వవేత్తలు థేలీస్, అనాక్సిమాండర్, అనాక్సిమెనెస్ ఇక్కడివాళ్లు. గళ్ల వీధుల నగర ప్రణాళికకు పేరుపడ్డ హిప్పోడమస్ ఇక్కడివాడే. ఇస్తాంబుల్ హాగియా సోఫియా కట్టిన ఇద్దరిలో ఒకరైన ఇసిడోర్‌దీ ఈ ఊరే. కానీ థేలీస్ కాలం నాటిది ఏదైనా కనిపిస్తుందేమోనని వెళ్తే నిరాశే. క్రీ.పూ. 494లో పర్షియన్లు నగరాన్ని నేలమట్టం చేశారు, ఇప్పుడున్నది ఆ తర్వాత తిరిగి కట్టింది.

చూడాల్సింది థియేటర్. ముందుభాగం 140 మీటర్ల వెడల్పు, సుమారు 15,000 మంది పట్టేది. గ్రీకు కాలంలో మొదలై రోమన్ కాలంలో పెరిగింది. మెట్ల కింద నడిచే కమాను దారులు ఎంత బాగున్నాయంటే, జనం లోపలికి ఎలా వచ్చేవారో, ఆట అయిపోగానే ఎలా బయటపడేవారో ఆ దారుల్లో నడిస్తే చాలు తెలిసిపోతుంది. పైకెక్కి పడమరకు చూస్తే మైదానంలో చిన్న గుట్ట ఒకటి కనిపిస్తుంది. అది ఒకప్పటి లాడే దీవి. పర్షియన్లతో ఆ ఓటమికి కారణమైన నౌకాయుద్ధం దాని చుట్టూనే జరిగింది. ఇప్పుడు దాని చుట్టూ పొలాలు. నాలుగు రేవులున్న నగరానికి నీళ్లే లేకుండా పోయాయి. సముద్రం ఎలా వెనక్కి పోయిందో ఇక్కడ అర్థమైనట్టు మరెక్కడా కాదు.

థియేటర్ దాటాక మాత్రం చదవడం కష్టం. సంతలు, ఫౌస్టినా స్నానశాల, సింహాల రేవు, 1404 నాటి ఇల్యాస్ బే మసీదు దూరదూరంగా ఉన్నాయి. మధ్యలో గడ్డి. చలికాలంలో, వసంతం మొదట్లో పల్లపు భాగాల్లో నీళ్లు నిలుస్తాయి, సంతలోకి అడుగు పెట్టలేరు. ఏప్రిల్, మేల్లో గడ్డి నడుము దాకా పెరుగుతుంది. పాములు ఉంటాయి కాబట్టి నిండు ప్యాంటు, బూట్లు వేసుకుని కాలిబాట వదలకుండా నడవాలి. బైబిల్‌లో అపొస్తలుడు పౌలు ఎఫెసు సంఘ పెద్దలను పిలిపించి వీడ్కోలు చెప్పిన మిలేతు ఇదే. గుర్తుగా చూడ్డానికి కట్టడమంటూ లేదు.

మిలేటస్‌కు ఒక్కదానికే రావడం దండగ. దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని డిడిమాతో కలిపితేనే సార్థకం. డిడిమా నగరం కాదు, మిలేటస్ ఏలుబడిలోని అపోలో గుడి. భవిష్యత్తు అడగడానికి జనం ఇక్కడికి వచ్చేవారు. 109 మీటర్ల పొడవు, 51 మీటర్ల వెడల్పు. వందకు పైగా స్తంభాలకు ప్లాన్ వేసి, శతాబ్దాలు కట్టి, పూర్తి చేయకుండానే వదిలేశారు. మూడు స్తంభాలు దాదాపు 20 మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నాయి. ముందు గదికి ఇటూ అటూ ఉన్న చీకటి ఏటవాలు సొరంగాల్లోంచి దిగితే కప్పులేని లోపలి ఆవరణలోకి తేలతారు. ఆ గోడల మీద కట్టేవాళ్లు తమ కోసం గీసుకున్న సన్నటి గీతలను, స్తంభాల ప్లాన్లను, 1979లో గుర్తించారు. సాయంత్రం ఏటవాలు వెలుగులో వెతికితే దొరకవచ్చు, మిట్టమధ్యాహ్నం అసలు కనబడవు.

## పెర్గమాన్

ఇది తీరపు నగరం కాదు, రాజుల కొండకోట. బెర్గామా పట్టణం మీదికి సుమారు 330 మీటర్ల ఎత్తున ఉంటుంది. అట్టలిడ్ రాజవంశం ఏథెన్స్‌తో పోటీపడి కట్టింది. ప్రియేనీ పౌరుల ఊరైతే ఇది రాజధాని. చదును నేల లేకపోవడంతో కొండను మెట్లుమెట్లుగా చెక్కి, గోడలు కట్టి మళ్లు చేసి, ఒక్కో మడి మీద ఒక్కో కట్టడం పెట్టారు.

థియేటర్ ఒక్కటే చాలు ఇంత దూరం రావడానికి. కొండవాలును అంటిపెట్టుకుని ఎంత నిట్రంగా ఉంటుందంటే పై వరసలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. సుమారు పదివేల మంది పట్టేది. కింద వేదిక ఉండాల్సిన చోట రాతి నేలలో చదరపు గుంటలు వరసగా కనిపిస్తాయి. ఆట ఉన్నప్పుడు వాటిలో గుంజలు పాతి చెక్క వేదిక వేసి, అయిపోగానే విప్పేసేవారు. పక్కన డయోనిసస్ గుడికి వెళ్లే దారికి అడ్డం రాకుండా ఈ ఏర్పాటు. ఎత్తులంటే భయం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలతో ఉన్నవాళ్లు పై నుంచి చూసి ఊరుకోవాలి. రెయిలింగ్ లేదు, గాలి తోసేస్తుంది.

మహావేదిక ఉన్న చోట ఇప్పుడు మెట్ల పునాది, దాని మీద పైన్ చెట్లు మాత్రమే ఉన్నాయి. 1878లో జర్మన్ ఇంజినీరు కార్ల్ హ్యూమన్ తవ్వకం మొదలుపెట్టాక శిల్పాలన్నీ బెర్లిన్ చేరాయి. బెర్లిన్‌లో చూసుకుందాంలే అనుకునే జర్మనీ తెలుగువాళ్లు ఒకటి గమనించాలి: ఆ మ్యూజియంను మరమ్మతుల కోసం 2023 అక్టోబరులో పూర్తిగా మూశారు, వేదిక ఉన్న భాగాన్ని 2027లో తెరవాలన్నది ప్రణాళిక.

కొండ కొసన తెల్లగా మెరిసే స్తంభాలు రోమన్ చక్రవర్తి ట్రాజన్ గుడివి. దాని కింద మోసే కమానుల్లోకి దిగి చూడండి, చల్లగా ఉంటుంది. ఇంత ఎత్తుకు నీళ్లెలా వచ్చాయన్న ప్రశ్న ఇంజినీరింగ్ చదివినవాళ్లకు తట్టి తీరుతుంది. ఉత్తరాన మద్రా కొండల నుంచి దాదాపు 40 కిలోమీటర్లు మట్టి గొట్టాల్లో తెచ్చి, చివర లోయలోకి దించి, ఒత్తిడి తట్టుకునే లోహపు గొట్టంలో మళ్లీ కొండెక్కించారు. ఉత్తరపు అంచున నిలబడితే ఆ లోయ మొత్తం కనిపిస్తుంది.

కేబుల్ కార్‌లో పైకి వెళ్లి, నడిచి దిగాలనుకునేవాళ్లు మధ్య నగరం, వ్యాయామశాల మీదుగా రావచ్చు. అయితే కింది దారి ఆ రోజు తెరిచి ఉందో లేదో పైన కౌంటర్లో అడగండి. గంటసేపు దిగాక మూసిన గేటు ఎదురైతే మళ్లీ పైకెక్కడం తప్ప దారి ఉండదు. అస్క్లెపియన్ అనే ప్రాచీన వైద్యశాల ఊరికి అవతలి వైపు ఉంది, టికెట్ వేరు. వైద్యుడు గాలెన్ ఈ ఊరివాడు. డాక్టర్లయితే తప్పకుండా వెళ్లండి, మిగతావాళ్లు కొండ మీద అలసిపోతే మానేయవచ్చు.

## ఎవరికి ఏది

అమ్మానాన్నలను తీసుకొచ్చేవాళ్లకు ఎఫెసస్, అదీ పై గేటు నుంచి, ఉదయం 8కే. చదును నేల కావాలంటే మిలేటస్ థియేటర్ కింది భాగం, డిడిమా తేలిక. ప్రియేనీ, పెర్గమాన్ మోకాళ్లను పరీక్షిస్తాయి.

ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్ చదివేవాళ్లు ఎఫెసస్ వదులుకునైనా ప్రియేనీ చూడాలి. రెండోది పెట్టుకోగలిగితే పెర్గమాన్. సమతల గళ్లకు, కొండ మళ్లకు ఉన్న తేడా రెండూ చూస్తేనే ఒంటబడుతుంది.

క్రూయిజ్‌లో వచ్చి కుషాదసీలో ఐదారు గంటలే ఉన్నవాళ్లకు మామూలుగా ఎఫెసస్ అంటారు. ఓడలోవాళ్లంతా అటే పోతారు. ఆ గుంపు వద్దనుకుంటే టాక్సీ మాట్లాడుకుని ప్రియేనీకి వెళ్లండి, దాదాపు గంట ప్రయాణం, ఓడ టైముకు తిరిగి రావచ్చు.

చిన్నపిల్లలున్న కుటుంబాలకు టెర్రస్ ఇళ్లు బాగా నచ్చుతాయి. బొమ్మలు, వంటగదులు, మరుగుదొడ్లు కంటికి కనిపిస్తాయి. ఖాళీ పునాదులు పిల్లలను పట్టి ఉంచవు.

కారు లేకుంటే సెల్చుక్‌లో మకాం పెట్టండి. ఇజ్మీర్ బస్మానే స్టేషన్ నుంచి, విమానాశ్రయం నుంచి రైలుంది, కానీ రోజుకు కొన్నే. టైము చూసుకోవాలి. ప్రియేనీకి సోకే దాకా వెళ్లి, అక్కడి నుంచి గుల్లుబాహ్చే వ్యాన్ ఎక్కాలి. పెర్గమాన్‌కు ఇజ్మీర్ బస్టాండ్ నుంచి నేరుగా బస్సు, రెండు గంటలు. మాంసం తిననివాళ్లకు సెల్చుక్‌లో జున్ను, పాలకూర, బంగాళదుంప పెట్టి పెనం మీద కాల్చే గోజ్‌లెమె ప్రతి సందులో దొరుకుతుంది.

## రెండు రోజులుంటే

మొదటి రోజు ఎఫెసస్ ఉదయం, భోజనం తర్వాత సెల్చుక్ మ్యూజియం. రెండో రోజు కారు తీసుకుని తొమ్మిదింటికల్లా ప్రియేనీ, మధ్యాహ్నానికి మిలేటస్, సాయంత్రం వెలుగులో డిడిమా. ఈ క్రమం తిప్పొద్దు. ఎక్కుడు ఉన్నది ప్రియేనీకే, అది చల్లటి పూట అవ్వాలి. డిడిమా గోడల గీతలకు ఏటవాలు వెలుగు కావాలి. మిలేటస్ థియేటర్ కమానుల్లో మధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుంది. పెర్గమాన్‌ను ఇందులో ఇరికించే ప్రయత్నం చేయకుండా, ఇస్తాంబుల్ వైపు రోడ్డు మీద వెళ్లేటప్పుడు బెర్గామాలో ఒక రాత్రి ఆగడం మంచిది.

చాలా చోట్లకు ఒకే టికెట్‌గా చెల్లే మ్యూజియం పాస్ కొనే ముందు మీరు నిజంగా వెళ్లే చోట్ల టికెట్లు మాత్రమే కూడి చూడండి.  ప్రియేనీ, మిలేటస్ టికెట్లు చవక, వాటి కోసం పాస్ అక్కర్లేదు. ధరలు ఏటా మారుతున్నాయి, బయలుదేరే వారం చూసుకోవాలి.

వీసా విషయంలో, భారత పాస్‌పోర్టు మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ లేదా షెంగెన్ వీసా గానీ నివాస అనుమతి గానీ ఉంటే టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, ఒక ప్రవేశం, 30 రోజులు. ఆ ఆధారపు వీసా ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే ఒప్పుకోరు. అవేవీ లేకుండా హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి వెళ్లేవాళ్లు స్టిక్కర్ వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. అది చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి ఇజ్మీర్ విమాన టికెట్లు ఆ తర్వాతే తీసుకోండి.